కాటా ఎవరిది?
(బేస్‌బాల్ లెక్కల పుస్తకం ఎంచుకోవడం ఎలా?)

లెక్క అన్న తరువాత జవాబు ఒక్కటే ఉండాలని మనం ఒకటో తరగతి నుంచీ నేర్చుకున్నాం. కాని నిరుడు మన లైబ్రరీకి అమెరికాలో ఉంటున్న పూర్వ విద్యార్థి ఒకరు పంపిన పుస్తకాల పెట్టె విప్పి సర్దుతుంటే, ఆ నమ్మకం కాస్తా పోయింది. అందులో బేస్‌బాల్ మీద రెండు లావుపాటి పుస్తకాలు ఉన్నాయి. ఎవరూ తీసుకెళ్ళేవి కాదు కాబట్టి నేను తీసుకెళ్ళాను. ఆ ఆటలో మహానుభావుడని పేరుపొందిన టై కాబ్ అనే ఆటగాడు (1905 నుంచి 1928 దాకా ఆడాడు) మొత్తం ఎన్ని హిట్లు కొట్టాడని చూస్తే ఒక పుస్తకంలో 4191 అని ఉంది, రెండోదాంట్లో 4189 అని ఉంది. అచ్చుతప్పేమో అనుకున్నాను. కాదు. ఆ రెండు హిట్ల వెనక పెద్ద కథే ఉంది.

మా ఇంట్లో ధాన్యం అమ్మేటప్పుడు మా నాన్న బస్తాలు కళ్ళంలో ఒకసారి తూయిస్తాడు, కొనేవాళ్ళ దగ్గర ఇంకోసారి తూస్తారు. రెండు చీటీలకూ తేడా వస్తే ఆయన ముందు పోట్లాడడు. “కాటా ఎవరిది? తూచింది ఎవరు?” అని అడుగుతాడు. ఆ రెండు పుస్తకాలూ ఎదురుగా పెట్టుకున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ప్రశ్నే. లెక్కల పుస్తకం ఏదైనా సరే, కొనేముందు అడగవలసింది అదేనని చెప్పడానికే ఈ వ్యాసం.

ఇన్ని అంకెలు ఎందుకు?

క్రికెట్ తెలిసిన మనకు బేస్‌బాల్ అర్థం కావడం కష్టమేమీ కాదు. పిచ్చర్ బంతి విసురుతాడు, బ్యాటర్ కొడతాడు. కొట్టిన దెబ్బకు క్షేమంగా మొదటి బేస్‌కో ఆ పైకో చేరితే అది హిట్. నాలుగు బేస్‌లూ చుట్టివస్తే రన్. బంతి మైదానం దాటి బయట పడితే హోమ్ రన్. పిచ్చర్ గురితప్పి నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటర్ కొట్టకుండానే మొదటి బేస్‌కు నడిచిపోవచ్చు. దాన్ని వాక్ అంటారు. బ్యాటింగ్ సగటు అంటే హిట్లను కొట్టడానికి దొరికిన అవకాశాలతో భాగించడం. వాక్‌లు ఆ అవకాశాల లెక్కలోకి రావు. 0.300 వస్తే మంచి ఆటగాడు. అంటే పదిసార్లలో ఏడుసార్లు ఓడిపోయేవాడు కూడా ఈ ఆటలో వీరుడే!

ఈ ఆటలో ప్రతి బంతికీ ఒక ఫలితం ఉంటుంది, ప్రతి ఫలితానికీ ఒక బాధ్యుడు ఉంటాడు. అందుకే లెక్క రాయడం తేలిక. ఆ రాతకు ఒక పద్ధతి పెట్టినవాడు హెన్రీ చాడ్విక్. పుట్టింది ఇంగ్లండులో, చిన్నతనంలోనే అమెరికా చేరాడు. మొదట క్రికెట్ విలేఖరి. క్రికెట్ స్కోరు పట్టిక అలవాటున్న చెయ్యి కాబట్టి బేస్‌బాల్‌కూ అలాంటి పట్టికను తీర్చిదిద్ది ప్రచారంలోకి తెచ్చాడు. 1860లో ఆయన సంపాదకత్వంలో పది సెంట్ల ధరకు ఒక చిన్న వార్షిక పుస్తకం వచ్చింది. మన క్రికెట్ పిచ్చివాళ్ళు భగవద్గీతలా చూసుకునే విజ్డెన్ మొదటి సంచిక వచ్చింది 1864లో. అంటే ఈ విషయంలో బేస్‌బాల్ నాలుగేళ్ళు ముందే ఉందన్నమాట.

అప్పటినుంచి వచ్చిన పుస్తకాలను స్థూలంగా మూడు రకాలుగా చెప్పుకోవచ్చు. ఒకటి, ఏటేటా వచ్చే గైడ్లు. నిరుటి లెక్కలు వీటిలో ఉంటాయి. రెండు, విజ్ఞాన సర్వస్వాలు. ఆడిన ప్రతివాడి జీవితకాలపు లెక్కా వీటిలో ఉంటుంది. మూడు, ఆ లెక్కలకు అర్థం ఏమిటని వాదించే పుస్తకాలు. కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఏమిటంటే, లావు చూసి రెండో రకం కొనేస్తారు. లావు కొలత కాదు. లోపల తూకం సరిగ్గా ఉందా అన్నది చూడాలి.

కంప్యూటరు చేసిన మొదటి పుస్తకం

1969లో మాక్మిలన్ సంస్థ ‘ది బేస్‌బాల్ ఎన్‌సైక్లోపీడియా’ అచ్చువేసింది. 2300కు పైగా పేజీలు. డేవిడ్ నెఫ్ట్ అనే గణాంక శాస్త్రవేత్త ఆధ్వర్యంలో ఒక బృందం పాత అధికారిక పత్రాలూ, పాత దినపత్రికలూ తిరగేసి, 1876 నుంచి ఉన్న లెక్కలను కంప్యూటరుకు ఎక్కించింది. అంతకుముందు ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకంలోకి తప్పులతో సహా దిగుమతి అవుతున్న అంకెలను మొదటిసారి మొదటినుంచీ కూడి చూశారు.

కూడిక యంత్రం చేస్తుంది. ఏది కూడాలో చెప్పవలసింది మనిషే. అందుకోసం ఐదుగురితో ఒక కమిటీ వేశారు. వాళ్ళ ముందుకు వచ్చిన రెండు తగాదాలు చెబుతాను.

మొదటిది 1887 సంగతి. ఆ ఒక్క సంవత్సరం వాక్‌లను కూడా హిట్లుగా లెక్కించాలని నియమం పెట్టారు. దాంతో టిప్ ఓనీల్ అనే ఆటగాడి సగటు 0.492 అయింది! వాక్‌లు తీసేస్తే 0.435. ఏది రాయాలి? అప్పటి నియమం ప్రకారం మొదటిది నిజం, మిగతా సంవత్సరాలతో పోల్చడానికి రెండోది నిజం. కమిటీ రెండోదానికే ఓటు వేసింది.

రెండోది ఇంకా పెద్ద తగాదా. బేబ్ రూత్ కొట్టిన 714 హోమ్ రన్లు అమెరికాలో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చే అంకె. 1918 జులైలో ఒక ఆట చివర ఆయన కొట్టిన బంతి మైదానం దాటింది. కాని అప్పటి నియమం ప్రకారం గెలుపు రన్ రాగానే ఆట ముగిసినట్టు లెక్క; కాబట్టి ఆయనకు మూడు బేస్‌ల హిట్టే రాశారు. ఇప్పటి నియమం ప్రకారం అది హోమ్ రన్. కమిటీ మొదట దాన్ని కలిపి 715 చేద్దామంది. గగ్గోలు పుట్టింది. మళ్ళీ ఆలోచించి 714కే వచ్చేశారు. 1974 ఏప్రిల్ 8న హాంక్ ఆరన్ తన 715వ హోమ్ రన్ కొట్టి రూత్‌ను దాటినప్పుడు దేశమంతా ఊపిరి బిగబట్టి చూసిందంటే, ఆ అంకె మారకుండా ఉండబట్టే.

దీన్నిబట్టి మొదటి పాఠం: పుస్తకంలో పట్టికల కంటే ముందు ముందుమాట చదవండి. ఏ నియమం ప్రకారం లెక్కవేశారో చెప్పని పుస్తకం, రాయి చూపించకుండా తూచే కాటా వంటిది.

కాబ్ గారి రెండు హిట్లు

ఇక మన 4191, 4189 సంగతికి వద్దాం. 1910లో ఆ లీగులో అత్యధిక సగటు సాధించినవాడికి చామర్స్ కంపెనీ మోటారు కారు బహుమతి ప్రకటించింది. పోటీ కాబ్‌కూ, క్లీవ్‌లాండ్ ఆటగాడు నాప్ లాజ్‌వేకూ మధ్య. కాబ్ అంటే తోటి ఆటగాళ్ళకు పడదు. చివరి రోజున సెయింట్ లూయిస్ జట్టు మేనేజరు లాజ్‌వే గెలవాలని తన మూడో బేస్ కుర్రవాణ్ణి బాగా వెనక్కి నిలబెట్టాడు. లాజ్‌వే ఆ ఖాళీలోకి బంతులు మెల్లగా తోస్తూ రెండు ఆటల్లో కలిపి ఎనిమిది హిట్లు సంపాదించాడు. రచ్చ అయింది. చివరికి కాబ్ 0.385, లాజ్‌వే 0.384 అని తేల్చి కాబ్‌ను విజేతగా ప్రకటించారు. కంపెనీవారు ఎందుకొచ్చిన గొడవ అని ఇద్దరికీ చెరో కారూ ఇచ్చారు.

డెబ్బై ఏళ్ళ తరువాత పీట్ పామర్ అనే పరిశోధకుడు పాత లెక్కల పత్రాలు పరిశీలిస్తుంటే, ఆ సంవత్సరం కాబ్ ఆడిన ఒక ఆట రెండుసార్లు నమోదై ఉంది. ఆ ఆటలో కాబ్‌వి రెండు హిట్లు. అవి తీసేస్తే 1910 విజేత లాజ్‌వేయే! 1981లో ‘ది స్పోర్టింగ్ న్యూస్’ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. అప్పటి కమిషనర్ బోవీ కూన్ మాత్రం పాత లెక్క మార్చడానికి ఒప్పుకోలేదు.

ఇది చాదస్తం అనిపించవచ్చు. కాని 1985లో పీట్ రోజ్ కాబ్‌ను దాటబోతున్నప్పుడు ఈ చాదస్తమే పెద్ద ప్రశ్న అయింది. సెప్టెంబరు 11న సిన్సినాటిలో రోజ్ 4192వ హిట్ కొట్టాడు, సంబరాలు చేసుకున్నారు. 4189 సరైన లెక్క అయితే, మూడు రోజుల ముందే షికాగోలో కొట్టిన 4190వ హిట్‌తోనే ఆయన కాబ్‌ను దాటేశాడు. జరిగిన చోటు ఒకటి, చప్పట్లు కొట్టిన చోటు ఇంకొకటి అన్నమాట.

అలాగని అధికారులు ఎప్పుడూ దిద్దుకోలేదని కాదు. 1930లో హాక్ విల్సన్ తన జట్టుకు ఒక్క సీజనులో 190 రన్లు రాబట్టాడన్నది ఎవరూ చేరుకోని రికార్డు. ఒక రన్ పొరపాటున ఇంకొకరి ఖాతాలో పడిందని రుజువయ్యాక, 1999లో దాన్ని అధికారికంగా 191 చేశారు. అప్పటికి విల్సన్ పోయి యాభై ఏళ్ళు దాటింది.

రెండో పాఠం: తప్పు దిద్దుకున్నానని చెప్పే పుస్తకాన్ని చూసి అనుమానపడకండి. నాలో తప్పులే లేవనే పుస్తకాన్ని చూసి అనుమానపడండి.

కాపలాదారు రాసిన పుస్తకం

అంకె నిజమైనంత మాత్రాన సరిపోదు, అది ఏం చెబుతోందన్నది వేరే సంగతి. ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయని ఒక్కటే అడిగితే మంచి రైతు ఎవరో తెలుస్తుందా? కాలువ కింద పొలమా, వర్షాధారమా అని కూడా అడగాలి. బేస్‌బాల్‌లో ఈ ప్రశ్న గట్టిగా అడిగినవాడు బిల్ జేమ్స్. కాన్సాస్ రాష్ట్రంలో ఒక డబ్బా ఆహార పదార్థాల ఫ్యాక్టరీలో రాత్రి కాపలా ఉద్యోగం చేస్తూ, 1977లో ‘బేస్‌బాల్ అబ్‌స్ట్రాక్ట్’ అనే చిన్న పుస్తకం సొంతంగా వేసుకున్నాడు. సుమారు 75 ప్రతులు అమ్ముడయ్యాయి. ఐదేళ్ళు తిరిగేసరికి, 1982లో, ఒక పెద్ద ప్రచురణ సంస్థ దాన్ని తీసుకుంది.

ఆయన సూత్రం ఒకటి సైన్సు విద్యార్థులకు నచ్చుతుంది. ఒక జట్టు చేసిన రన్ల వర్గాన్ని, చేసిన రన్ల వర్గం, ఇచ్చిన రన్ల వర్గం కలిపిన మొత్తంతో భాగిస్తే, ఆ జట్టు ఎంత శాతం ఆటలు గెలవాలో దాదాపుగా వస్తుంది. ఉదాహరణకు 800 రన్లు చేసి, 700 ఇచ్చిందనుకుందాం. 6,40,000ను 11,30,000తో భాగిస్తే 0.566. సీజనుకు 162 ఆటలు కాబట్టి సుమారు 92 గెలుపులు. జట్టు నిజంగా 100 గెలిచి ఉంటే అదృష్టం కలిసొచ్చిందేమోనని అనుమానించవచ్చు. చూడటానికి పైథాగరస్ సిద్ధాంతంలా ఉండడంతో దీనికి ఆయన పేరే పెట్టారు.

మైదానం సంగతీ అంతే. డెన్వర్ నగరం సముద్రమట్టానికి 5280 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన, కాబట్టి బంతికి నిరోధం తక్కువ, కాబట్టి దూరం పోతుంది. 1995లో అక్కడ కూర్స్ ఫీల్డ్ మైదానం తెరిచాక బ్యాటర్ల అంకెలు ఉబ్బిపోయాయి. ఆ అంకెలను సముద్రతీరంలో ఆడినవాడి అంకెలతో నేరుగా పోల్చడం అన్యాయం. 1989లో జాన్ థార్న్, పీట్ పామర్ కలిసి తెచ్చిన ‘టోటల్ బేస్‌బాల్’ మంచి పుస్తకమని నేను అనడానికి కారణం ఇదే. ఉన్న అంకెనూ ఇస్తుంది; మైదానాన్నీ కాలాన్నీ బట్టి సవరించిన అంకెనూ పక్కనే ఇస్తుంది. ఈ రకం ఆలోచన జట్ల కార్యాలయాల్లోకి ఎలా ప్రవేశించిందో కథలాగా చదవాలంటే మైకెల్ లూయిస్ ‘మనీబాల్’ (2003) చదవవచ్చు. చేతిలో డబ్బు తక్కువున్న ఓక్లండ్ జట్టు 2002లో ఏం చేసిందన్నది దాని కథ.

పుస్తకంలో లేనివాళ్ళు

ఇప్పటిదాకా చెప్పింది ఉన్న అంకెల సంగతి. అసలు ముఖ్యమైనది లేని అంకెల సంగతి.

నల్లజాతి ఆటగాళ్ళను పెద్ద లీగుల్లోకి రానివ్వని కాలం ఒకటి చాలా పొడుగ్గా నడిచింది. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ ఆ గోడ దూకేదాకా వాళ్ళు తమ సొంత నీగ్రో లీగుల్లోనే ఆడుకున్నారు. వాళ్ళలో జాష్ గిబ్సన్ అనే బ్యాటరు కొట్టే దెబ్బలను చూసినవాళ్ళు జన్మలో మరిచిపోలేదు. రాబిన్సన్ బరిలోకి దిగడానికి మూడు నెలల ముందు, 35 ఏళ్ళ వయసులో గిబ్సన్ చనిపోయాడు.

1969లో ఆ కమిటీ ఏవేవి ‘మేజర్ లీగులు’ అన్నది కూడా నిర్ణయించింది. ఆరు లీగులకు ఆ హోదా ఇచ్చింది. అందులో 1884లో ఒకే ఒక్క ఏడాది నడిచి మూతపడిన యూనియన్ అసోసియేషన్ ఉంది. నీగ్రో లీగులు లేవు. వాటి సంగతి చర్చకే రాలేదు. ఐదుగురు సభ్యులూ తెల్లవారే. చేసిన కూడిక అంతా సరిగానే ఉంది, కాటా కూడా మంచిదే. కాని కొన్ని బస్తాలను అసలు కాటా ఎక్కించనే లేదు.

మా నాన్న సొంత చేనుతో పాటు రెండెకరాలు కౌలుకు చేస్తాడు. ఆ రెండెకరాల అడంగల్‌లో ఆయన పేరు ఉండదు. అంతమాత్రాన అక్కడ ఆయన పంట పండించలేదని అర్థమా?

దిద్దుబాటు మెల్లగా జరిగింది. 1970లో రాబర్ట్ పీటర్సన్ ‘ఓన్లీ ద బాల్ వాజ్ వైట్’ అనే పుస్తకం రాసి ఈ చరిత్రను నలుగురి దృష్టికీ తెచ్చాడు. 1971లో కూపర్స్‌టౌన్‌లో 16 మంది కలిసి ఒక బేస్‌బాల్ పరిశోధన సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం 1994లో ‘ది నీగ్రో లీగ్స్ బుక్’ ప్రచురించింది. నల్లవారు నడిపిన ‘పిట్స్‌బర్గ్ కూరియర్’, ‘షికాగో డిఫెండర్’ వంటి వారపత్రికల్లో అచ్చయిన స్కోరు పట్టికలను పరిశోధకులు ఏళ్ళ తరబడి ఒక్కొక్కటిగా ఏరుకొచ్చారు. చివరకు 2020 డిసెంబరులో, 1920 నుంచి 1948 దాకా నడిచిన ఏడు నీగ్రో లీగులను మేజర్ లీగులుగా గుర్తించారు. 2024 మే నెలలో 2300 మందికి పైగా ఆటగాళ్ళ లెక్కలను అధికారిక రికార్డుల్లో కలిపారు. ఆ రోజున జీవితకాలపు బ్యాటింగ్ సగటులో టై కాబ్ (అధికారిక లెక్క ప్రకారం 0.367) రెండో స్థానానికి దిగాడు. మొదటి స్థానంలో గిబ్సన్ 0.372. పోయిన 77 ఏళ్ళకు!

గిబ్సన్ ఆడిన లీగు ఆటలు తక్కువ కదా, పోలిక న్యాయమేనా అని అడిగేవాళ్ళు ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే. కాని ఆటలు ఎందుకు తక్కువయ్యాయో కూడా అదే నోటితో అడగాలి.

మూడో పాఠం: పుస్తకం పట్టుకోగానే అందులో ఎవరున్నారో చూస్తాం. ఎవరు లేరో కూడా చూడాలి.

నాలుగు పేజీల పరీక్ష

సరే, ఇంతకీ ఏ పుస్తకం కొనాలి? మాక్మిలన్ వారిది 1996లో పదో కూర్పుతో ఆగిపోయింది. ‘టోటల్ బేస్‌బాల్’ 2004తో ఆగింది. అంకెలన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి కాబట్టి అంత లావు పుస్తకం అచ్చువేసేవాడు లేడు. కొత్త అంకె కోసం పుస్తకం కొనడం దండగ. లెక్క ఎలా తయారైందో, దాని మీద ఎలా వాదించాలో తెలుసుకోవడానికైతే పుస్తకమే కావాలి. పాత పుస్తకాల్లో ఒక్కటే కొనగల స్తోమత ఉంటే నా ఓటు బిల్ జేమ్స్ ‘హిస్టారికల్ బేస్‌బాల్ అబ్‌స్ట్రాక్ట్’కు. 1985లో మొదటిసారి వచ్చింది, 2001లో తిరగరాశాడు. ఆ కొత్త కూర్పులో సార్వకాలిక ఆటగాళ్ళ వరుసలో నీగ్రో లీగుల ఆస్కార్ చార్ల్‌స్టన్‌ను 4వ స్థానంలో పెట్టి, ఎందుకు పెట్టాడో కూడా చెప్పాడు. మీరు ఒప్పుకోకపోవచ్చు. వాదించే అవకాశం మీకూ ఇచ్చాడు. రెండోది కూడా కొనగలిగితే ‘టోటల్ బేస్‌బాల్’, మూడోది ‘ది నీగ్రో లీగ్స్ బుక్’.

ఇంకేదైనా పుస్తకం చేతికి వస్తే నాలుగు చోట్ల తెరిచి చూడండి. ఒకటి, టై కాబ్: 4191 అయినా 4189 అయినా, తగాదా ఉందని చెప్పిందా? రెండు, 1887: వాక్‌లను ఏం చేసిందో చెప్పిందా? మూడు, డెన్వర్: మైదానం తేడా పట్టించుకుందా? నాలుగు, జాష్ గిబ్సన్: అసలు ఉన్నాడా? నాలుగింటిలో మూడు నెగ్గితే మంచి పుస్తకం. నాలుగోది నెగ్గకపోతే, ఎంత మంచి పుస్తకమైనా సగం పుస్తకమే.

చివరగా ఒక మాట. ఎక్కడో అమెరికాలో రెండు హిట్ల లెక్క మనకెందుకని మిత్రులు నవ్వుతారని తెలుసు. ఫిజిక్సు ల్యాబులో సింపుల్ పెండ్యులం రీడింగులు వెనక నుంచి లెక్కగట్టి, జి విలువ సరిగ్గా 980 వచ్చేలా రికార్డులో రాసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ రికార్డుకు మంచి మార్కులే వచ్చాయి. టై కాబ్ లెక్క చదివిన తరువాత ఆ రికార్డు తెరిచి చూసుకోవాలంటే సిగ్గుగా ఉంది. పామర్ వంటివాడు ఎవరైనా దాన్ని తిరగేస్తే రెండు నిమిషాల్లో దొరికిపోతాను. రేపు మనలో కొందరు ఆఫీసర్లవుతారు, కొందరు మేష్టర్లవుతారు, కొందరు బ్యాంకుల్లో కూర్చుంటారు. అందరి చేతుల్లోనూ ఏదో ఒక కాటా ఉంటుంది. తూచే ముందు ఒకసారి చుట్టూ చూసి, కాటా ఎక్కని బస్తా ఏదైనా పక్కన మిగిలిపోయిందేమో అడగడం ఇప్పటినుంచే అలవాటు చేసుకుంటే మంచిది.